పుస్తకం మూసి చదవడం ఎలా?

సాయంత్రం పూట రీడింగ్ రూమ్‌లో గ్రూప్స్‌కీ, డీఎస్సీకీ, కానిస్టేబుల్ పోస్టులకీ చదువుకునే పిల్లలు నన్ను తరచూ అడిగేది ఒకటే. "మాస్టారూ, చదువుతున్నంతసేపూ అంతా వచ్చినట్టే ఉంటాది. పేపరు ముందు కూచుంటే ఏటీ గుర్తు రాదు. నాకు మెమరీ పవర్ తక్కువేటో!" విజయనగరంలో విన్నా, శ్రీకాకుళంలో విన్నా ఇదే మాట. నిజంగా జ్ఞాపకశక్తి తక్కువున్న పిల్లలు వీళ్లలో బహు అరుదు. రోజుకి ఏడెనిమిది గంటలు బుర్రలోకి ఎక్కించే పనే చేస్తారు. బయటికి తీసే పని మాత్రం పరీక్ష రోజునే మొదలుపెడతారు. అలవాటు లేని పని ఆ రోజు ఎలా వస్తుంది?

ఆ బయటికి తీసే పనిని ఇంట్లో ఎలా సాధన చేయాలో వరసగా చెబుతాను. ఖర్చు ఒక కట్ట తెల్ల కాగితాలు, ఒక ఎర్ర పెన్ను, ఖాళీ మిఠాయి పెట్టె. వేలకు వేలు కట్టి చేరే మెమరీ కోర్సుల్లోనూ పనికొచ్చే భాగం దాదాపు ఇంతే.

మొదట మీ లెక్క తేల్చుకోండి

నిన్న చదివిన పాఠం ఒకటి తీసుకోండి. ఇవాళ చదివింది వద్దు, అది ఇంకా వేడిమీద ఉంటుంది. పుస్తకం పక్క గదిలో పెట్టి, తెల్ల కాగితం మీద పది నిమిషాలు గుర్తున్నదంతా రాయండి. వరస తప్పినా పరవాలేదు, సగం సగం మాటలైనా పరవాలేదు. పది నిమిషాలయ్యాక పుస్తకం తెచ్చి, వదిలేసినవీ తప్పు రాసినవీ ఎర్ర పెన్నుతో నింపండి. పైన తేదీ వేసి దాచండి. మూడు వారాల తర్వాత ఇలాంటిదే ఇంకో కాగితం రాసి రెండూ పక్కపక్కన పెట్టుకుంటే, సాధన పనిచేస్తోందో లేదో ఎవరినీ అడగక్కర్లేదు.

మొదటి కాగితం మీద నీలం కంటే ఎరుపే ఎక్కువ కనిపిస్తుంది. టెన్షన్ పడకండి. జర్మనీకి చెందిన మనస్తత్వ శాస్త్రవేత్త హెర్మన్ ఎబ్బింగ్‌హాస్ అర్థం లేని అక్షరాల గుంపులను తానే కంఠస్థం చేసి, ఎంత కాలానికి ఎంత జారిపోతోందో కొలిచి 1885లో ప్రచురించాడు. మళ్లీ నేర్చుకోవడంలో ఆదా అయ్యే శ్రమను బట్టి వేసిన ఆ లెక్కలో, గంట తిరిగేసరికి సగం కన్నా తక్కువ మిగిలింది. మర్నాటికి మూడో వంతు. నెల తర్వాత చూసినా ఐదో వంతు ఉంది. మరుపు మొదటి రోజే పరుగెడుతుంది, తర్వాత నెమ్మదిస్తుంది. మనం చదివే పాఠానికి అర్థం ఉంటుంది కాబట్టి ఇంత ఘోరంగా జారదు గానీ, తీరు అదే. అందుకే మొదటి పునశ్చరణ మర్నాడే పడాలి. "వచ్చే ఆదివారం చూద్దాంలే" అనుకుంటే దాదాపు కొత్తగా చదవాల్సిందే.

చదవండి, మూయండి, చెప్పండి

అన్నిటికన్నా ముఖ్యమైనది ఇది. ఈ వ్యాసంలో ఇదొక్కటే చేసి మిగతావన్నీ వదిలేసినా నష్టం లేదు.

రెండు పేజీలు నిదానంగా చదవండి. గీతలు గీయకండి. రంగు పెన్నులతో పుస్తకమంతా పసుపు చేసేవాళ్లను చూస్తే నాకు పెళ్లిపందిరి గుర్తొస్తుంది, చదువు గుర్తు రాదు. రెండు పేజీలు అయ్యాక పుస్తకం మూసేసి, చదివింది పైకి చెప్పండి. మనసులో అనుకోవడం కాదు, మీ గొంతు మీకు వినపడాలి. ఆగిపోయిన చోట వెంటనే పుస్తకం తెరవకుండా అర నిమిషమైనా పెనుగులాడండి. ఆ తర్వాతే తెరిచి సరిచూసుకోండి.

ఉదాహరణకి మన ఉత్తరాంధ్ర నదులు తీసుకుందాం. ఉత్తరం నుంచి దక్షిణానికి, ఏది ఎక్కడ సముద్రంలో కలుస్తుంది? మహేంద్రతనయ బారువ దగ్గర, వంశధార కళింగపట్నం దగ్గర, నాగావళి కల్లేపల్లి దగ్గర, చంపావతి కోనాడ దగ్గర, గోస్తనీ భీమిలి దగ్గర. ఇప్పుడు ఈ వాక్యాన్ని అరచేత్తో మూసి చెప్పి చూడండి. "మహేంద్రతనయ, బారువ. వంశధార, కళింగపట్నం. నాగావళి... నాగావళి... శ్రీకాకుళం ఊళ్లోంచే పోతాది కదా... 'క'తో మొదలవుతాది... కళింగపట్నం అయిపోయింది..." అదిగో, అక్కడే ఆగండి. మీకు విసుగనిపించే ఈ అర నిమిషంలోనే జ్ఞాపకం గట్టిపడుతోంది. కల్లేపల్లి అని తడితే సరే, తట్టకపోయినా సరే. పెనుగులాడి తర్వాత చూసిన జవాబు ఊరికే చూసినదానికన్నా ఎక్కువ కాలం నిలుస్తుంది.

2006లో అమెరికాలో రోడిగర్, కార్పికే అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు కాలేజీ పిల్లలతో దీన్ని పరీక్షించారు. ఒక గుంపు ఒకే పాఠాన్ని నాలుగు విడతలు చదివింది. ఇంకో గుంపు ఒక్క విడత చదివి, మిగతా మూడు విడతలూ చూడకుండా రాసింది. ఐదు నిమిషాల తర్వాత అడిగితే నాలుగు విడతలు చదివినవాళ్లే గెలిచారు. వారం తర్వాత అడిగితే తలకిందులైంది. చదివినవాళ్లకి 40 శాతం గుర్తుంటే, రాసినవాళ్లకి 61 శాతం గుర్తుంది. తమాషా ఏమిటంటే, వారం తర్వాత ఎవరికి బాగా గుర్తుంటుందని ముందే అడిగితే, పదేపదే చదివినవాళ్లే ధీమాగా ఉన్నారు. "చదువుతుంటే వచ్చినట్టే ఉంటాది" అన్న మన పిల్లల మాట ఈ ధీమాయే.

మన బళ్లలో పాఠం ఒప్పజెప్పించుకునే పద్ధతి ఉండేది. ఎక్కాలైనా, పద్యాలైనా చేతులు కట్టుకుని మాస్టారి ముందు నిలబడి చూడకుండా చెప్పాలి. దాన్నీ బట్టీనీ ఒకే గాట కట్టి పారేశాం. బట్టీ అంటే చూస్తూ అరవడం, అర్థం పట్టించుకోకపోవడం. అది పోవాల్సిందే. ఒప్పజెప్పడం మాత్రం తిరిగి తెచ్చుకోవాలి. ఇంట్లో అమ్మకో, తమ్ముడికో ఐదు నిమిషాలు పాఠం చెప్పండి. అమ్మ కూర తరుగుతూనే వినొచ్చు. "అయితే ఆ నీళ్లు అటెందుకు పోయినాయి?" అని ఆమె అడిగినప్పుడు మీరు నీళ్లు నమిలితే, ఆ రోజు మళ్లీ చదవాల్సిన చోటు అదే.

మిఠాయి పెట్టెలో ఐదు గదులు

మడికి నీళ్లు తడవ తడవకీ కట్టాలి గానీ, ఒకేసారి చెరువంతా వదిలితే గట్టు తెగుతుంది. ఒకే పాఠాన్ని ఆదివారం ఐదు గంటలు రుబ్బడం కూడా అలాంటిదే. ఆ ఐదు గంటలనే వారాల మీద పరిస్తే ఫలితం వేరుగా ఉంటుంది.

ఎలా పరచాలి? మిఠాయి పెట్టె ఒకటి తీసుకుని, అట్టముక్కలు అడ్డం పెట్టి ఐదు గదులు చేయండి. పోస్టుకార్డులో సగం సైజు కాగితాలు కోసుకోండి. ఒక వైపు ప్రశ్న, వెనక జవాబు. కొత్త కార్డులన్నీ మొదటి గదిలో ఉంటాయి, వాటిని రోజూ చూడాలి. జవాబు సరిగ్గా వస్తే కార్డు రెండో గదికి పోతుంది, అక్కడివి మూడు రోజులకోసారి. మూడో గది వారానికి, నాలుగోది రెండు వారాలకి, ఐదోది నెలకి. ఏ గదిలో తప్పినా కార్డు మళ్లీ మొదటి గదికే. ఐదో గది దాకా వెళ్లిన కార్డు కిందికి దిగితే ప్రాణం ఉసూరుమంటుంది, కానీ జాలిపడి పక్క గదిలో పెట్టకండి. సెబాస్టియన్ లైట్నర్ అనే రచయిత 1972లో ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి ఇది. ఫోన్లో చేసుకోవాలనుకుంటే అంకి అనే యాప్ ఆండ్రాయిడ్‌లో ఉచితంగా దొరుకుతుంది, ఏ కార్డు ఎప్పుడు చూపాలో అదే లెక్క వేసుకుంటుంది. నా ఓటు మాత్రం పెట్టెకే. అది మోగదు, రీల్స్ చూపించదు.

కార్డు రాయడంలోనే సగం చదువు అయిపోతుంది, అందుకే స్నేహితుడి కార్డులు జెరాక్స్ తీసుకోకండి. "నాగావళి గురించి రాయండి" అనే కార్డు పనికిరాదు. దానికి ఎప్పుడూ జవాబు సగమే వస్తుంది, సరి అనాలో తప్పు అనాలో తెలియదు. "నాగావళి ఏ రాష్ట్రంలో పుడుతుంది?" ఒక కార్డు. "సువర్ణముఖి, వేగావతి ఏ నదిలో కలుస్తాయి?" ఇంకొకటి. ఒక కార్డుకి ఒకే విషయం. రోజుకి కొత్తవి పదిహేను మించొద్దు. మొదటి వారం ఉత్సాహంలో వంద రాసేస్తారు, మూడో వారానికి చూడాల్సినవి కుప్పపడి పెట్టె అటక ఎక్కుతుంది.

ఇంకో దొంగతనం కూడా ఉంది. ప్రశ్న చూసి "ఆ, ఇది నాకు తెలుసులే" అని కార్డు తిప్పేయడం. జవాబు నోటితో చెప్పాకే తిప్పాలి.

పరీక్ష ఎంత దూరంలో ఉందో దాన్నిబట్టి ఎడం మార్చుకోండి. నెల రోజులుంటే ఒకే విషయాన్ని వారానికోసారి చూసుకోవడం సరిపోతుంది. ఏడాది ఉంటే మూడు నాలుగు వారాల ఎడమైనా మంచిదే. కాస్త మర్చిపోయాక గుర్తుచేసుకోవడమే ఇందులోని కీలకం.

గంటస్తంభం నుంచి మోతీమహల్ దాకా

వరసగా గుర్తుండాల్సిన జాబితాలకి ఇంకో పద్ధతి ఉంది. గ్రీకు, రోమన్ వక్తలు పొడవైన ప్రసంగాలకి దీన్నే వాడేవారు. 1991 నుంచి జరుగుతున్న ప్రపంచ మెమరీ చాంపియన్‌షిప్ పోటీల్లోనూ ప్రధానంగా ఇదే నడుస్తుంది. బాగా తెలిసిన దారిలో ఒక్కో చోట ఒక్కో బొమ్మ పెట్టడం, తర్వాత మనసులో ఆ దారిన నడుస్తూ బొమ్మలు ఏరుకోవడం.

పైన చెప్పిన ఐదు నదులనే విజయనగరంలో పెడదాం. కళ్లు మూసుకుని గంటస్తంభం ముందు నిలబడండి. పైన గడియారం మీద ఒక ఆడపిల్ల కూర్చుని ఉంది, మహేంద్రుడి కూతురు. నెత్తిన మోయలేని బరువు, ఏడుస్తోంది, కన్నీళ్లు ధారలుగా రోడ్డు మీద పడుతున్నాయి. మహేంద్రతనయ, బారువ. నడిచి మూడు లాంతర్ల దగ్గరికి రండి. లాంతర్ల బదులు మూడు వెదురు వేణువులు నిలబెట్టి ఉన్నాయి, వాటి లోంచి నీళ్లు ధార కడుతున్నాయి, కింద కళింగ సైనికుడొకడు కత్తి కడుక్కుంటున్నాడు. వంశమంటే వెదురు కదా. వంశధార, కళింగపట్నం. పైడితల్లి అమ్మవారి గుడి వీధి మలుపులో పెద్ద నాగుపాము కల్లు కుండలో తల పెట్టింది. నాగావళి, కల్లేపల్లి. గుడి దగ్గర కల్లేమిటని కోప్పడకండి, మర్యాదగా ఉండే బొమ్మలు గుర్తుండవు. కోట గుమ్మం నిండా సంపెంగ దండలు, వాటి మధ్య కోతి ఒకటి నాడా పట్టుకుని వేలాడుతోంది. చంపావతి, కోనాడ. లోపలికి వెళ్తే ఒకప్పటి మోతీమహల్ మెట్ల మీద భీముడు గొంతుక్కూర్చుని ఆవు పాలు పితుకుతున్నాడు. గోస్తనీ, భీమిలి.

ఇప్పుడు వెనక్కి నడవండి, మోతీమహల్ నుంచి గంటస్తంభానికి. దక్షిణం నుంచి ఉత్తరానికి నదులు వచ్చేస్తాయి. పుస్తకం చూసి నేర్చుకున్న వరసని ఇలా తిరగేయడం ఎంత కష్టమో ప్రయత్నించినవాళ్లకి తెలుసు.

నా బొమ్మలు మీకు అంతగా పనిచేయవు. మీవి మీరు కల్పించుకోవాలి, ఎంత వింతగా ఉంటే అంత మంచిది. శ్రీకాకుళం వాళ్లయితే ఏడురోడ్ల జంక్షన్ నుంచి మీ ఇంటికి వెళ్లే దారి తీసుకోండి. పల్లెటూరైతే వీధి అరుగు, నడవ, వంటిల్లు, నుయ్యి, పశువుల సాల. దారి ఏదైనా మీ కాళ్లకి అలవాటైనదై ఉండాలి. ఒకే దారిలో రెండు జాబితాలు పెడితే భీముడూ ఆర్థిక సంఘం చైర్మనూ ఒకే మెట్టు మీద తగువులాడుకుంటారు, కాబట్టి దారులు నాలుగైదు ఉంచుకోండి. ఈ పద్ధతి జాబితాలకే. రాజ్యాంగ సవరణ ఎందుకు వచ్చిందో అర్థం చేసుకోవడానికి ఏ గంటస్తంభమూ సాయపడదు.

సంవత్సరాలకి కటపయాది

అంకెలు మనసుకి అంటవు. బొమ్మకి అందవు, అర్థానికి అందవు. దీనికి మనవాళ్లు కనిపెట్టిన ఉపాయం ఉండగా, పిల్లలు యూట్యూబ్‌లో విదేశీ కోడ్‌లు నేర్చుకోవడం నాకు వింతగా ఉంటుంది. సంగీతం నేర్చుకున్నవాళ్లకి ఇది తెలిసే ఉంటుంది. కర్ణాటక సంగీతంలో మిగతా రాగాలకి మూలమైన 72 మేళకర్త రాగాల సంఖ్యలు వాటి పేర్లలోనే ఉన్నాయి.

సూత్రం ఇది. క నుంచి ఝ దాకా వరసగా 1 నుంచి 9. ట నుంచి ధ దాకా మళ్లీ 1 నుంచి 9. ప, ఫ, బ, భ, మ: 1 నుంచి 5. య, ర, ల, వ, శ, ష, స, హ: 1 నుంచి 8, ళ అయితే 9. న, ఞ సున్నాలు. గుణింతాన్నీ, అక్షరం పక్కన రాసే సున్నానీ (ం) లెక్కలోకి తీసుకోకూడదు. వచ్చిన అంకెలను కుడి నుంచి ఎడమకి చదవాలి. మాయామాళవగౌళ చూడండి. మా అంటే 5, యా అంటే 1. తిరగేస్తే 15, అది 15వ మేళకర్త. ధీరశంకరాభరణంలో ధీ 9, ర 2, తిరగేస్తే 29.

ఇప్పుడు మన జిల్లాల చరిత్రకి వాడదాం. శతాబ్దం ఎలాగూ తెలుస్తుంది, చివరి రెండంకెలు పట్టుకుంటే చాలు. విజయనగరం కోట 1713. 13 కావాలంటే 3, 1 వచ్చే మాట వెతకాలి. బ 3, ట 1. "కోట బాట." బొబ్బిలి యుద్ధం 1757. స 7, మ 5, తిరగేస్తే 57. "బొబ్బిలి సోమ." ప్లాసీ యుద్ధం కూడా ఆ ఏడాదిదే కాబట్టి ఒక మాటకి రెండు యుద్ధాలు. పద్మనాభ యుద్ధం 1794. వ 4, ధ 9. "పద్మనాభం వధ." విజయనగరం రాజు చిన విజయరామరాజు ఆ యుద్ధంలోనే చనిపోయారు, కాబట్టి ఈ మాట మర్చిపోదామన్నా మరుపు రాదు. ఆదిభట్ల నారాయణదాసు మొదటి ప్రిన్సిపాల్‌గా ఉన్న విజయనగరం సంగీత కళాశాల 1919. ధ 9, ట 1. "సంగీతం ధాటి." శ్రీకాకుళం జిల్లా ఏర్పడింది 1950. న 0, మ 5. "శ్రీకాకుళం నామం."

అక్షరాల అంకెలు చేతికి రావడానికి వారం పడుతుంది. దారిలో వెళ్తూ దుకాణాల బోర్డులని అంకెలుగా చదవడం మంచి సాధన, బస్సు కోసం నిలబడినప్పుడు వేరే కాలక్షేపం అక్కర్లేదు. విజయనగరం జిల్లా వచ్చిన 1979కి చక్కటి మాట మాత్రం నాకింకా దొరకలేదు. 9, 7 వరసలో రావాలి. దొరికితే వాడుకోండి.

అవధాని బుర్ర వేరా?

అష్టావధానం ఎప్పుడైనా ప్రత్యక్షంగా చూశారా? ఎనిమిది మంది పృచ్ఛకులు, అంటే ప్రశ్నలు వేసేవాళ్లు. ఒకరు నిషిద్ధాక్షరి (ఫలానా అక్షరం వాడొద్దని అడ్డుపడడం), ఒకరు సమస్య (ఇచ్చిన పాదంతో పద్యం పూర్తి చేయమనడం), ఒకరు దత్తపది (ఇచ్చిన మాటలు పద్యంలో ఇమడ్చమనడం). ఒక్కొక్కరికీ ఒక్కో పాదం చెబుతూ అవధాని ముందుకు పోతుంటే, మధ్యలో అప్రస్తుత ప్రసంగం చేసే ఆయన "మీ ఆవిడ ఉప్మాలో జీడిపప్పు వేస్తుందా?" లాంటి ప్రశ్నలతో గిల్లుతుంటాడు. వెనక గంట మోగుతుంటుంది, అదీ లెక్కపెట్టాలి. చివరికి పద్యాలన్నీ వరసపెట్టి ధారణ చేస్తారు, అంటే గుర్తుంచుకుని తిరిగి చెబుతారు. చూసినవాళ్లు "అబ్బ, పుట్టుకతో వచ్చిన బుర్ర" అంటారు.

అవధానికి ఛందస్సు ఏళ్లతరబడి ఒంటపట్టి ఉంటుంది. గణాలు తెలుసు, యతి ఎక్కడ పడాలో తెలుసు, ప్రాసాక్షరం మొదటి పాదంలోనే ఖాయమైంది. మీరూ నేనూ ఎనభై అక్షరాలు గుర్తుపెట్టుకోవాల్సిన చోట ఆయన నాలుగు పాదాలు గుర్తుపెట్టుకుంటున్నాడు. మనసులో ఒకేసారి నిలిపి ఉంచగలిగేవి సుమారు ఏడు అని మనస్తత్వ శాస్త్రవేత్త జార్జ్ మిల్లర్ 1956లో రాశాడు, తర్వాతి పరిశోధకులు నాలుగే అన్నారు. ఆ సంఖ్య ఎవరికీ పెద్దగా పెరగదు. ఒక్కో ముక్కలో ఎంత పడుతుందన్నదే పెరుగుతుంది. మీ ఫోన్ నంబరుని పది అంకెలుగా కాక మూడు నాలుగు ముక్కలుగా చెప్పేది అందుకే.

దీనికి తిరుగులేని రుజువు 1980లో వచ్చింది. ఎరిక్సన్, చేజ్, ఫాలూన్ అనే పరిశోధకులు ఒక మామూలు కాలేజీ కుర్రాడికి వరసగా అంకెలు వినిపించి తిరిగి చెప్పించారు. మొదట ఏడు చెప్పేవాడు. సుమారు ఇరవై నెలల సాధనతో 79కి చేరాడు. అతను పరుగు పందేల మనిషి, అంకెలను పరుగు సమయాలుగా మార్చుకునేవాడు. అలాంటివాడికి అంకెల బదులు అక్షరాలు ఇస్తే మళ్లీ ఆరు దగ్గరే ఆగాడు. జ్ఞాపకశక్తి మొత్తంగా పెరగలేదు, అంకెల్లో పనితనం పెరిగింది. అందుకే ఫోన్లో బ్రెయిన్ గేమ్స్ ఆడితే ఆ గేమ్‌లోనే ఆరితేరతారు తప్ప, దానివల్ల పాలిటీ (రాజ్యాంగం, పరిపాలన సబ్జెక్టు) రాదు. అలాంటి గేమ్స్ అమ్మే కంపెనీ ఒకటి రుజువు లేని ప్రచారం చేసిందన్న ఆరోపణ మీద అమెరికా ప్రభుత్వ సంస్థతో రాజీపడి 2016లో 20 లక్షల డాలర్లు కట్టింది.

తొందరగా నేర్చుకోవడం గురించి కూడా చెప్పాల్సింది ఇక్కడే ఉంది. కొత్త విషయం పాత విషయానికి తగులుకుని నిలుస్తుంది. చదరంగం ఆరితేరినవాళ్లకి నిజమైన ఆటలోని బల్లని ఐదు సెకన్లు చూపిస్తే బలాలన్నీ దాదాపు తిరిగి పేర్చేస్తారు, అవే బలాలని చిందరవందరగా పెట్టి చూపిస్తే మనలాగే తడబడతారు. కాబట్టి లావుపాటి గైడ్ మీద పడేముందు ఆరు నుంచి పదో తరగతి దాకా సోషల్, సైన్స్ పాఠ్యపుస్తకాలు వరసగా చదివేయండి. చిన్నతనం అనుకోకండి. తర్వాత గైడ్‌లోని ప్రతి పేజీ సగం సమయంలో అయిపోతుంది. నిమిషానికి వేల పదాలు చదివించే స్పీడ్ రీడింగ్ క్లాసుల జోలికి వెళ్లకండి. కళ్లు పరుగెత్తిన కొద్దీ అర్థం వెనకబడుతుంది.

లెక్కలకి మాత్రం వేరే పద్ధతి

అరిథ్‌మెటిక్‌లో శాతాలు అన్నీ ఒకరోజు, కాలం-పని అన్నీ ఇంకోరోజు చేస్తే చేతికి వేగం వచ్చినట్టు ఉంటుంది. పేపర్లో లెక్క ఏ అధ్యాయానిదో పైన రాసి ఉండదు. ఏ సూత్రం వాడాలో గుర్తుపట్టడమే అక్కడ అసలు పరీక్ష. ఒక్కో అధ్యాయం మొదటిసారి అర్థమయ్యాక, ఆరేడు అధ్యాయాల నుంచి తలా రెండు లెక్కలు కలిపి కలగాపులగంగా చేయండి. నెమ్మదిగా సాగుతుంది, తప్పులు ఎక్కువొస్తాయి, చిరాకేస్తుంది. ఆ చిరాకు చూసే చాలామంది మానేస్తారు.

చుట్టూ చూసుకోవాల్సినవి

ఫోన్ వేరే గదిలో ఉండాలి. బోర్లా పెట్టడం, సైలెంట్‌లో పెట్టడం ఆత్మవంచన. అరగంట చదివి ఐదు నిమిషాలు లేచి తిరగండి, ఆ ఐదు నిమిషాల్లోనూ ఫోన్ ముట్టుకోకండి.

నిద్ర తగ్గించుకుని చదివింది నిలవదు. పగలు నేర్చుకున్నది గట్టిపడేది నిద్రలోనే, కాబట్టి పరీక్ష ముందు రాత్రి జాగరం చేస్తే ఆ రోజు చదివిందే కాదు, హాల్లో ఆలోచించే శక్తి కూడా పోతుంది. పొద్దున్నే విజయనగరంలో అయ్యకోనేరు గట్టు మీదో, నాగావళి ఒడ్డునో అరగంట నడవండి, నడుస్తూ నిన్నటి పాఠం చెప్పుకోండి. జ్ఞాపకశక్తి పెంచుతామనే పొడులకీ తైలాలకీ పెట్టే డబ్బుతో గుడ్లూ పళ్లూ కొనుక్కోవడం నయం.

ఇవన్నీ చేసినా తెలిసిన మనుషుల పేర్లు మర్చిపోతున్నా, చేస్తున్న పని మధ్యలో ఏం చేస్తున్నామో తోచకపోయినా, నెలల తరబడి దిగులుగా ఉన్నా డాక్టరుకి చూపించుకోండి. రక్తం తక్కువైనా, బీ12 తక్కువైనా, థైరాయిడ్ ఉన్నా మతిమరుపు వస్తుంది. మామూలు రక్తపరీక్షల్లో తేలిపోతుంది, మందులకి తగ్గేవే ఎక్కువ. ఇంట్లో పెద్దవాళ్లు రోజూ నడిచే దారి తప్పుతుంటే "వయసైపోయింది" అని వదిలేయకండి.

హాల్లో గుర్తు రాకపోతే

అన్నీ చేసినా పరీక్ష హాల్లో ఒక ప్రశ్న దగ్గర బుర్ర మొద్దుబారుతుంది. జవాబు నాలుక చివర ఉంటుంది, రాదు. దాన్నే పట్టుకుని గింజుకోకండి, తప్పు జవాబు ఒకటి పదేపదే అడ్డొచ్చి దారి మూసేస్తుంది. ప్రశ్న పక్కన చుక్క పెట్టి ముందుకి పోండి. ఇరవై ప్రశ్నలయ్యాక వెనక్కి వచ్చి, జవాబు కోసం కాకుండా దాని చుట్టుపక్కలవాటి కోసం వెతకండి. అది ఏ పుస్తకంలో చదివారు, పేజీలో పైనా కిందా, ఎవరికి ఒప్పజెప్పారు, ఏ మెట్టు మీద ఏ బొమ్మ పెట్టారు. చాలాసార్లు అటునుంచే దారి దొరుకుతుంది. అప్పటికీ రాకపోతే, నెగెటివ్ మార్కులున్న పేపరైతే వదిలేయండి. లేని పేపరైతే కచ్చితంగా కాదనిపించినవి కొట్టేసి, మిగిలిన వాటిలో ఒక గడి నింపి తర్వాతి ప్రశ్నకి వెళ్లండి.